మూడంగుళాలు

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అని మా అత్తయ్య అన్నది మా ఆయన్ని కాదు, ఆయన టీముని. కానీ భోజనాల బల్ల దగ్గర ఆ మాట ఎవరిని అన్నా తగిలేది ఆయనకే. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు.

ఆయన కాలేజీ మగపిల్లల బాస్కెట్‌బాల్ కోచ్. పంతొమ్మిదేళ్లుగా అదే పని. మా లీగ్‌లో ఏడు కాలేజీలు. ప్రతి కాలేజీతోనూ ఒకసారి మా కోర్టులో, ఒకసారి వాళ్ల కోర్టులో, మొత్తం పన్నెండు ఆటలు. ఎనిమిది అయ్యేసరికి సంగతి విచిత్రంగా తయారైంది. మా కోర్టులో ఆడిన నాలుగూ గెలిచాం. బయట ఆడిన నాలుగూ ఓడాం. గెలిచినవి కూడా బొటాబొటిగా కాదు, ఒకదానిలో ఇరవై ఆరు పాయింట్ల తేడా. అలా చిత్తుగా ఓడినవాళ్లే పది రోజుల తర్వాత తమ కోర్టులో మావాళ్లని పిండి చేసి పంపారు.

ప్రిన్సిపాల్ గారు సీజన్ మొదట్లోనే చెప్పేశారు. మొదటి నాలుగు స్థానాల్లో ఉంటే సెమీఫైనల్స్, టీము ఉంటుంది. లేకపోతే టీము రద్దు, కోర్టు పరీక్షల హాలవుతుంది, మా ఆయన ఆఫీసు గదిలో గుర్తింపు కార్డుల మీద ముద్రలు వేసే కుర్చీలోకి మారతారు. ఆ కుర్చీని నేను చూశాను. కిటికీ కోర్టు వైపే ఉంటుంది. అదే నాకు మరీ కష్టంగా అనిపించింది.

నాలుగో స్థానానికి ఏడు గెలుపులు కావాలి. ఉన్నవి నాలుగు. మిగిలిన ఆటలు ఇంట్లో రెండు, బయట రెండు. ఇంట్లోవి రెండూ గెలిచినా, బయట ఒక్కటైనా గెలవక తప్పదు.

"బయటికెళ్తే కాళ్లు వణుకుతాయేమో పిల్లలకి," అన్నారు అత్తయ్య.

"అమ్మా, భోజనాల దగ్గర ఆట మాటలొద్దు అనుకున్నాం కదా," అన్నారు ఆయన.

"అనుకున్నది నువ్వు. నేనెప్పుడు అనుకున్నాన్రా?"

బల్లకి అవతలి వైపు కూర్చున్నవాడు గుటుక్కున నవ్వు మింగాడు. వాడు మా చెల్లెలి కొడుకు. మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు, టీములో ఆడతాడు. ఆరడుగుల నాలుగంగుళాలు. కాలేజీలో, వీధిలో, చివరికి మా ఇంట్లో కూడా వాడి పేరు నిచ్చెన. ఇంట్లో మా ఆయన్ని పెదనాన్నా అంటాడు, కోర్టులో అడుగుపెడితే సార్ అనాలి. ఆ నియమం ఆయనదే.

"నేను మాత్రం ఈ ఏడాది పొడుగయ్యాను నానమ్మా," అన్నాడు నిచ్చెన, మాట మార్చడానికి. "పోయినేడు గెంతితే వేళ్ల చివరలు మాత్రం రింగుకి తగిలేవి. ఇప్పుడు అరచెయ్యి ఆనుతోంది."

"అబద్ధాలకి హద్దుండాలి. రా ఇలా."

వంటింటి గుమ్మానికి అత్తయ్య పెన్సిలుతో వాడి ఎత్తు గీస్తూ ఉంటారు. పోయినేడాది గీత కింద నిలబెట్టి, వాడి నెత్తి మీద అట్ట పుస్తకం ఒకటి ఆనించమన్నారు. ఆనించింది నేనే, స్టూలెక్కి. పుస్తకం సరిగ్గా పాత గీత మీదే ఆగింది. వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

"మరి రింగెలా అందుతోంది?" అన్నాడు వాడు.

"గెంతడం నేర్చుకుని ఉంటావు. కోతికి వేరే నేర్పాలా?"

వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నేను మాత్రం స్టూలు మీదే కాసేపు ఉండిపోయాను. పైనుంచి చూస్తే నా వంటిల్లు ఎప్పుడూ కనిపించని తీరున కనిపించింది. రెండేళ్ల కిందట పాత గచ్చు తవ్వకుండా దాని మీదే కొత్త పలకలు పరిపించాం. ఆ తర్వాత తలుపు నేలకి రాసుకుని కీచుమంది. గుమ్మానికి వేసిన కర్టెన్ నేల మీద ఈడ్చుకుంటే రెండు వేళ్ల మేర మడిచి కుట్టాను. పొయ్యి గట్టు మాత్రం ఎందుకో పొట్టిదైపోయినట్టుండేది, వంగి వంగి నెల రోజులు నడుం పట్టేసింది. గట్టు పొట్టిదవలేదు. నేల పెరిగింది.

కాలేజీ కోర్టులోనూ సీజన్‌కి ముందు వేసవిలో కొత్త నేల వేశారు. పాత సిమెంటు మీద అడ్డకర్రలు పరిచి, వాటి మీద చెక్క. ఆరేళ్లు అడిగి అడిగి మా ఆయన సాధించిన నేల అది. పూర్తయిన రోజు బూట్లు చేత్తో పట్టుకుని వట్టి కాళ్లతో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. ఆ నేలని ఎవరైనా ఏమైనా అంటే ఊరుకోరు.

ఇంకొక సంగతి కూడా నా మనసులో ముల్లులా ఉంది. బయటి ఆటలకి టీము బస్సులో నేనూ వెళ్తాను. తువ్వాళ్లు, నీళ్ల సీసాలు చూసుకునే మనిషి లేక మొదలైన పని అది. నాకు ఆట ఎత్తులు తెలియవు. కానీ లెక్కపెట్టడం చిన్నప్పటి జబ్బు, మెట్లు ఎక్కుతూ కూడా లెక్కపెడతాను. ఎవరూ అడ్డు రాకుండా గీత దగ్గర నిలబడి వేసే ఫ్రీ త్రోలు నిచ్చెన మా కోర్టులో ఇరవై ఆరు వేస్తే ఇరవై రెండు పడ్డాయి. బయట పదిహేడు వేస్తే ఆరు. పడనివన్నీ రింగు ముందు అంచుకే తగిలాయి. భయపడ్డవాడి బంతి అటూ ఇటూ పోవాలి గదా, ప్రతిసారీ ఒకే చోట ఎందుకు తగులుతుంది?

మర్నాడు పొద్దున నేను కర్టెన్ కర్ర, కుట్టుపని టేపు, ఎర్ర దారం తీసుకుని కోర్టుకి వెళ్లాను. పిల్లలు క్లాసుల్లో ఉన్నారు. బెంచీ కాలు బాగుచేస్తూ ఆ నేల వేసిన వడ్రంగే కనిపించాడు.

నేను ముందు తలుపు చూశాను. కింది అంచున రంగు లేదు, పచ్చి చెక్క కనిపిస్తోంది.

"ఈ తలుపు నువ్వే కోశావా?"

"అవునమ్మా. నేల వేశాక తెరుచుకోలేదు. కొయ్యమన్నారు, కోశాను. బెంచీల కాళ్లూ కోశాను. గోడ మీద లైట్ల మీటలు కిందికొచ్చాయంటే అవీ పైకి పెట్టించారు."

"మరి ఆ రింగులు?"

అతను బెంచీ వదిలేసి తల పైకెత్తాడు. రింగులు గోడకి బిగించిన బోర్డులకి ఉన్నాయి, పాత నేలప్పుడు ఎక్కడున్నాయో అక్కడే.

"రింగుల సంగతి ఎవరూ చెప్పలేదమ్మా."

నిజమే. అందరూ కాళ్లకి తగిలినవన్నీ సరిచేశారు. పైకి చూసినవాళ్లు లేరు. లీగ్ వాళ్లు వచ్చి రింగు కొలిచి కాగితం ఇచ్చింది నేల వేయడానికి వారం ముందు.

నిచ్చెనలా ఎగరలేను కాబట్టి వడ్రంగి నిజం నిచ్చెన తెచ్చాడు. రింగు నుంచి కర్ర వేలాడదీసి, అది ఆగిన చోట నుంచి నేలదాకా టేపు పట్టి, దారం కట్టి, మొత్తం నేల మీద పరిచి కొలిచాను. రింగు పది అడుగుల ఎత్తులో ఉండాలి. తొమ్మిది అడుగుల తొమ్మిదంగుళాలు ఉంది. మూడుసార్లు కొలిచాను. అవతలి రింగూ అంతే.

సాయంత్రం మా ఆయన టీ తాగడం పూర్తయ్యేదాకా ఆగి చెప్పాను. ఆయన ముందు నవ్వారు.

"కుట్టుపని టేపుతో రింగు కొలిచావా? పాత టేపు సాగిపోయి ఉంటుంది. సాగిన టేపు తక్కువ చూపిస్తుంది."

"అందుకే వడ్రంగి ఇనప టేపుతో కూడా కొలిచానండీ."

ఆయన నవ్వు ఆగింది. కప్పు బల్ల మీద పెట్టడానికి ఆయనకి రెండుసార్లు చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

"అంటే పిల్లలు వేసవి నుంచీ..."

"మూడంగుళాలు పొట్టి రింగుకి అలవాటు పడ్డారు. ఇక్కడికొచ్చినవాళ్ల బంతులు వెనక అంచుకి కొట్టుకుని పోతున్నాయి. మనం బయటికెళ్తే మన బంతులు ముందు అంచుకి."

గుమ్మంలో నిలబడి అంతా విన్న నిచ్చెన ఒక్క గంతులో లోపలికొచ్చాడు. "పెదనాన్నా, ఈ మాట ఈ నలుగురి మధ్యే ఉంచుదాం. ఇంట్లో రెండు ఆటలున్నాయి, పొట్టి రింగుతో కళ్లు మూసుకుని గెలుస్తాం. బయట ఎలాగోలా ఒక్కటి కొడితే చాలు."

"వాడన్నదీ నిజమే కదరా," అన్నారు అత్తయ్య. "నడుస్తున్న బండికి చక్రం ఎందుకు పీకడం?"

మా ఆయన లేచి వెళ్లి గుమ్మం మీద పెన్సిలు గీత చూస్తూ నిలబడ్డారు. కొలవడం వరకే నా పని. ఎత్తడమా మానడమా అన్నది ఆయన పంతొమ్మిదేళ్లతో తేల్చుకోవాల్సింది.

"వీళ్లు పిరికివాళ్లని నేను నాలుగు బస్సు ప్రయాణాల్లో తిట్టుకుంటూ వచ్చాను," అన్నారు చివరికి, మా ఎవరివైపూ చూడకుండా. "వీళ్ల చేతులు నేర్పింది నేర్పినట్టే చేశాయి. తప్పు నేర్పింది నేను."

మర్నాడు పొద్దున్నే వడ్రంగిని పిలిపించి రెండు బోర్డులూ ఎత్తించారు. జరిగింది జరిగినట్టు లీగ్ కమిటీకి రాశారు. వాళ్లు రెండో రోజుకే జవాబు పంపారు: పొట్టి రింగులో రెండు జట్లూ ఆడాయి కాబట్టి ఆడిన ఆటలు ఆడినట్టే ఉంటాయి, వచ్చే ఆటలోపు సరైన కొలత చూపించండి. అంతే. కొండంత భయపడ్డది రెండు వాక్యాల్లో తేలిపోయింది.

తేలనిది పిల్లల చేతుల్లో ఉంది. ఐదు రోజుల్లో ఇంట్లో ఆట. ప్రాక్టీసులో అందరి బంతులూ ముందు అంచుకి టంగుమని కొట్టుకుంటున్నాయి. మా ఆయన ఈల పక్కన పెట్టి, నేను కూర్చున్న మెట్ల దగ్గరికి వచ్చారు. ప్రాక్టీసు మధ్యలో ఆయన నావైపు రావడం అదే మొదటిసారి.

"నువ్వెలాగూ లెక్కపెడతావు కదా," అన్నారు. "కాగితం మీద పెట్టు. ముందు అంచుకి ఎన్ని, వెనక అంచుకి ఎన్ని. ఒక్కొక్కడిది విడివిడిగా."

"చూసి చప్పట్లు కొట్టడమే నా పని అన్నారుగా ఒకప్పుడు."

"అన్నాను. ఇప్పుడు చప్పట్లు కొట్టే పనేం లేదులే, కూర్చుని రాయి."

నోటుపుస్తకంలో నిలువు గీత గీసి, ఒకవైపు ముందు, ఒకవైపు వెనక అని రాసుకున్నాను. మొదటి రోజు వెనక వైపు మొత్తం ఖాళీ.

ఆ ఇంటి ఆట ఓడిపోయాం. పదకొండు పాయింట్లు. మా కోర్టులో ఆ ఏడాది మొదటి ఓటమి. ప్రిన్సిపాల్ గారు ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. గెలిచినప్పుడల్లా వచ్చి ఫొటోలో నిలబడేవారు. ఆ రోజు మెట్ల మీదే ఆగిపోయారు.

"బాగున్న రింగుని కదపమని మీకెవరు చెప్పారు?"

"బాగాలేదు సార్, పొట్టిగా ఉంది."

"పొట్టిగా ఉంటే ఏం, గెలుస్తున్నాం కదా!"

"ఇంట్లో గెలుస్తున్నాం సార్," అన్నారు మా ఆయన.

ఇక మిగిలిన మూడూ గెలవాలి. ఒక్కటి పోయినా ముద్రల కుర్చీయే. ఇంటికొచ్చాక అత్తయ్య "పులి కూడా పిల్లి అయిందిరా" అనబోయి, కొడుకు మొహం చూసి, "ఇంకాస్త పెట్టనా" అని మార్చేశారు. ఆవిడ మాట మింగడం నేను చూడటం కూడా అదే మొదలు.

తర్వాతి తొమ్మిది రోజులు పిల్లలు పొద్దున క్లాసులకి ముందు, సాయంత్రం క్లాసుల తర్వాత గీత దగ్గర నిలబడ్డారు. మా ఆయన మోకాళ్ల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. బంతిని చేత్తో కాదు, మోకాళ్లతో ఎత్తాలట. ప్రాక్టీసు ముగిశాక నా కాగితం చదివించుకునేవారు.

"నిచ్చెన?"

"ముందు పద్నాలుగు, వెనక ఒకటి."

"ఆ ఒక్కటీ ఎప్పుడు?"

"చివర్లో, మీరు అటు తిరిగినప్పుడు."

"అందుకే వేశాడు వెధవ," అన్నారు ఒకరోజు. కానీ ఆ ఒక్కటి విన్నాక ఆ రోజు భోజనం బాగా చేశారు.

ఐదో రోజుకి వెనక వైపు గీతలు పెరిగాయి. ఏడో రోజుకి రెండువైపులా తగ్గాయి, ఎందుకంటే బంతులు దేనికీ తగలకుండా వలలోకి జారుతున్నాయి. ఆ చప్పుడు నాకు అలవాటైపోయింది. కొత్త గుడ్డ ఒక్క విదిలింపుతో దులిపినట్టుంటుంది.

బయటి ఆట గెలిచాం. ఆరు పాయింట్లు. ఆ ఏడాది బయట మొదటి గెలుపు. వచ్చేప్పుడు బస్సులో పాటలు పాడి పాడి గొంతులు పోగొట్టుకున్నారు. బస్సు డ్రైవరు మా ఆయనతో, "సార్, మీ పిల్లలకి గొంతులున్నాయని ఇవాళే తెలిసింది" అన్నాడు. ఆ తర్వాత ఇంటి ఆట, సరైన రింగుతో, తొమ్మిది పాయింట్లతో గెలిచాం. ఆరు గెలుపులు. చివరి ఆట మిగిలింది, అది బయట, అదీ పట్టికలో మొదటి స్థానంలో ఉన్న కాలేజీతో.

వాళ్ల హాలు పెద్దది. మెట్లన్నీ వాళ్ల విద్యార్థులే, చెవులు చిల్లులు పడే గోల. బస్సు దిగగానే మా ఆయన నా సంచీలో చెయ్యి పెట్టి ఇనప టేపు తీశారు. వాళ్ల కోచ్‌ని అడిగి, అందరూ చూస్తుండగా రింగు కొలిచారు. సరిగ్గా పది అడుగులు. వాళ్ల కోచ్ నవ్వి, "నమ్మకం లేదా మాస్టారూ?" అన్నాడు.

"మీ మీద ఉందండీ. నా మీదే లేదు," అన్నారు ఈయన. అలా అని నవ్వగలిగారు కూడా.

ఆట పొడుగునా ఎవరికీ ఐదు పాయింట్లకి మించి ఆధిక్యం దొరకలేదు. చివరికి నాలుగు సెకన్లు మిగిలాయి. వాళ్లవి అరవై రెండు, మావి అరవై ఒకటి. బంతితో పైకి లేచిన నిచ్చెన చేతి మీద అవతలివాడు కొట్టాడు. ఫౌల్. రెండు ఫ్రీ త్రోలు.

వాడిని కంగారు పెట్టాలని వాళ్ల కోచ్ టైమ్ అవుట్ తీసుకున్నాడు. అందరూ మా బెంచీ దగ్గరికొచ్చారు. నిచ్చెన మొహం సున్నం కొట్టినట్టుంది. నేను తువ్వాలిచ్చాను. వాడు అది తీసుకోకుండా నా నోటుపుస్తకం వైపు చూశాడు.

"పెద్దమ్మా, ఇవాళ నావి ఎలా పడుతున్నాయి?"

అడగాల్సింది కోచ్‌ని. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తలూపారు.

"ఐదు వేశావు. మూడు పడ్డాయి. పోయిన రెండూ ముందు అంచే," అన్నాను. "రెండూ ఇప్పుడు వేసినవే, ఈ చివర్లో."

"కాళ్లు అలిసిపోయాయి," అన్నారు మా ఆయన వాడితో. "చేతులు బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోకు. మోకాళ్లు వంచు. ఎక్కువైనా ఫరవాలేదు. పొడుగు పోతే నాది తప్పు. పొట్టిగా మాత్రం వెయ్యకు."

వాడు గీత దగ్గరికి వెళ్లాడు. హాలంతా కాళ్లతో మెట్ల మీద దరువు వేస్తోంది. వాడు మోకాళ్లు వంచడం నాకు బెంచీ దగ్గరి నుంచి కనిపించింది. మొదటి బంతి దేనికీ తగలకుండా వలలోంచి జారింది. ఆ గోలలో కొత్త గుడ్డ దులిపిన చప్పుడు వినపడలేదు గానీ వల కదలడం చూశాను. అరవై రెండు, అరవై రెండు.

రెండోది వాడి చెయ్యి వదిలిన క్షణంలోనే తెలిసింది, ఎక్కువ దూరం పోతోందని. అది వెనక అంచుకి తగిలింది.

అప్పుడే నేను గెలిచాం అనుకున్నాను. ఇది తర్వాత చెబితే ఎవరూ నమ్మలేదు, బంతి ఇంకా గాల్లోనే ఉంది కదా అన్నారు. నిజమే, గాల్లోనే ఉంది. కానీ బయట, వేరేవాళ్ల కోర్టులో, కాళ్లు పీక్కుపోయే వేళ, మావాడి బంతి వెనక అంచుకి తగిలింది. ఆ వైపు గీత గీయడానికి నా పెన్సిలు అప్పటికే కాగితం మీద ఉంది. బంతి నిలువుగా లేచి, రింగు మీద ఒక్కసారి కూర్చుని, ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి పడింది. అరవై మూడు.

అవతలివాళ్లు మిగిలిన నాలుగు సెకన్లలో సగం కోర్టు నుంచి విసిరిన బంతి బోర్డుకి కూడా తగలలేదు.

నిచ్చెన పరిగెత్తుకుంటూ వచ్చి "పెదనాన్నా!" అని మా ఆయన్ని అమాంతం ఎత్తేశాడు, అందరి ముందూ, కోర్టు మధ్యలో. సార్ అనాలన్న నియమం ఆయనకి గుర్తు రాలేదు. కళ్లజోడు కింద పడిపోతే నేనే తీసి దాచాను.

సెమీఫైనల్లో మూడు పాయింట్లతో, ఫైనల్లో పంతొమ్మిది పాయింట్లతో గెలిచాం. ఊళ్లో అందరూ ఫైనల్ గురించే చెప్పుకుంటారు గానీ, నిజం చెప్పాలంటే చూడ్డానికి అందులో ఏమీ లేదు. సగం ఆటకే తేలిపోయింది. నేను నోటుపుస్తకం మూసి నీళ్ల సీసాలు సర్దుకున్నాను.

కప్పు ఇచ్చిన మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు ఫొటోలో సరిగ్గా మధ్యలో నిలబడ్డారు. పరీక్షల హాలు మాట ఎవరూ ఎత్తలేదు, ముద్రల కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి చేరిందని తెలిసింది. ఫొటో అయ్యాక ఆయన మా ఆయన భుజం మీద చెయ్యేశారు.

"వచ్చే వేసవిలో మీ కోర్టుకి ఇంకా మంచి నేల వేయిద్దామండీ. ఇప్పుడున్న దాని మీదే ఇంకో వరస చెక్క."

మా ఆయన నావైపు చూశారు. నేను కప్పు మీద చెక్కిన అక్షరాలు శ్రద్ధగా చదువుతున్నట్టు నిలబడ్డాను.

"తప్పకుండా వేయించండి సార్," అన్నారు ఆయన. "కాకపోతే మొదలుపెట్టే ముందు ఒక్కమాట మా ఆవిడకి చెప్పండి."